పాము ఇచ్చిన సంజాయిషీ

డిటెక్టివ్ కథలో దేవుడు గానీ దెయ్యం గానీ వేలు పెట్టకూడదని 1929లో నియమం రాసిపెట్టినవాడు నాస్తికుడు కాదు, రోమన్ కాథలిక్ ఫాదర్. రొనాల్డ్ నాక్స్ ఆయన పేరు. తర్వాతి కాలంలో లాటిన్ బైబిలును ఒంటిచేత్తో ఇంగ్లీషు చేసిన మనిషి. చర్చిలో మహిమలు నమ్మమని చెప్పే ఆయనే కథలో మాత్రం మహిమలకు తలుపేసేశాడు. ఫాదర్ బ్రౌన్ చేత హత్యకేసులు విప్పించిన చెస్టర్టన్ 1922లో అదే మతం పుచ్చుకున్నాడు. లార్డ్ పీటర్ విమ్సీని సృష్టించిన డొరొతీ సేయర్స్ చివరి రోజుల్లో డాంటేను అనువదిస్తూ కూర్చుంది. మన దగ్గర మల్లాది వెంకట కృష్ణమూర్తిగారు అటు క్రైం నవలలూ రాశారు, ఇటు ఆధ్యాత్మిక పుస్తకాలూ రాశారు. భక్తి ఉన్నవాళ్ళకి హత్యల మీద ఇంత మక్కువేమిటి? మక్కువ ఉంటే ఉంది, ఆ హత్యల్లోకి దేవుణ్ణి ఎందుకు రానివ్వరు? సర్వసాక్షి ఒకడున్నాడని నమ్మేవాళ్ళు వేలిముద్రల కోసం వెతుక్కోవడం దేనికి?

బౌచర్‌కాన్ అనే క్రైం సాహిత్య సభ పేరులోనే ఇలాంటి మనిషి ఒకడున్నాడు. ఆంథొనీ బౌచర్ న్యూయార్క్ టైమ్స్‌లో ఏళ్ళ తరబడి క్రైం నవలల మీద సమీక్షలు రాశాడు. బోర్హెస్ కథను మొట్టమొదట ఇంగ్లీషులోకి తెచ్చిందీ ఆయనే, అదీ 1948లో ఒక డిటెక్టివ్ పత్రిక కోసం. నిష్ఠగల కాథలిక్కు. 1940లో సిస్టర్ అర్సులా అనే సన్యాసిని హత్యకేసును ఛేదించే నవల రాసి, రచయిత పేరు దగ్గర హెచ్.హెచ్. హోమ్స్ అని వేసుకున్నాడు. అది ఉరికంబం ఎక్కిన పాతకాలపు షికాగో హంతకుడి పేరు. కన్యాస్త్రీ కథకు నరహంతకుడి సంతకం! ఆయన 1968లో పోయాక, 1970లో శాంటా మోనికాలో ఆయన పేరు మీద మొదలైన సభ అప్పట్నుంచీ ఊళ్ళు మారుతూ జరుగుతోంది. 2019లో యాభయ్యోది డాలస్‌లో పెట్టారు.

నేను అప్పుడు మా అమ్మాయి పురిటికని డాలస్‌లో ఉన్నాను. అల్లుడు ఫోన్లో ఏదో చూస్తూ, "అత్తయ్యగారూ, హత్యలు రాసేవాళ్ళంతా మన ఊరొస్తున్నారట, మీ పేరు కట్టెయ్యనా?" అన్నాడు. బాలింతను, పసిపిల్లను వదిలేసి ఊరేగడమేమిటని సణిగాను. "వెళ్ళమ్మా, ఇంట్లో ఉంటే నాకు కాయం మింగించడం తప్ప నీకింకో పని లేదు" అంది మా అమ్మాయి. తెనాలిలో అద్దె పుస్తకాల షాపు నుంచి కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధర్ నవలలు తెచ్చుకుని, అట్టకు లెక్కల పుస్తకం అట్ట తొడిగి చదివినదాన్ని నేను. ఒక సెషన్స్ కోర్టులో టైపిస్టుగా చేరి స్టెనోగా రిటైరయ్యాను. వారపత్రికల్లో నాలుగు మిస్టరీ కథలు పడ్డాయి. ఆ మాత్రానికి రచయిత్రినని చెప్పుకోవడానికి ఇక్కడ మొహమాటం గానీ, అక్కడ అడిగేదెవరు?

మొదటిరోజు అక్టోబరు 31, మనకి నాగుల చవితి. పొద్దున్నే వెండి పడగకు పాలు పోసి, చిమ్మిలీ చలిమిడీ నైవేద్యం పెట్టి బయల్దేరాను. అమెరికా వాళ్ళకి ఆ రోజే దెయ్యాల వేషాల పండగ. దారిలో ప్రతి గుమ్మానికీ ప్లాస్టిక్ అస్థిపంజరాలు వేలాడుతున్నాయి. సభ జరిగేది రీయూనియన్ టవర్ పక్కన హయత్ రీజెన్సీ హోటల్లో. పేరు చెప్పగానే మెడలో బిళ్ళ, చేతిలో సంచి, సంచి నిండా ఉచితంగా కొత్త నవలలు. గదికో గోష్ఠి. ఒకచోట విషాలు, ఇంకోచోట పోలీసు విధానం, మరోచోట పల్లెటూరి హత్యలు. వేదిక మీద అయిదారుగురు రచయితలు, మాట అందించడానికి ఒకరు. మనుషులు ఇంత మర్యాదస్తులైన సభను నేను చూడలేదు. మన సాహిత్య సభల్లో ప్రేమ కవిత్వం రాసేవాళ్ళు మైకు కోసం కుస్తీ పడతారు. వీళ్ళు పీకలు కోసే రాతలు రాస్తూ ఒకరికొకరు కుర్చీ జరుపుతున్నారు. కడుపులో ఉన్నదంతా కాగితం మీద కక్కేస్తారు కాబోలు.

ఒక గోష్ఠిలో కుర్రవాడొకడు లేచి, హంతకుడు చివరికి దొరక్కుండానే నవల ముగించవచ్చా అని అడిగాడు. వేదిక మీదున్నవాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని నవ్వారు. ముగించవచ్చు, కానీ పాఠకుడు పుస్తకం గోడకేసి కొడతాడన్నారు. జీవితంలో దొరకనిదే కదా కథలో ఇచ్చేది అంది ఒకావిడ. నా పక్క కుర్చీలో నా వయసు ఆవిడే, రిటైరైన నర్సు, నా చీరా బొట్టూ చూసి మెల్లిగా అడిగింది: మీ మతంలో కర్మ ఉంది కదా, అంటే చేసినవాడు ఎప్పటికైనా దొరికిపోతాడనేగా? మీకింక మిస్టరీ నవలలతో పనేముంది?

నాకున్న కోర్టు ఇంగ్లీషులో, దొరుకుతాడు గానీ ఈ జన్మలోనే అని హామీ లేదన్నాను. ఆవిడ నవ్వింది. జవాబు సరిపోలేదని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు.

మధ్యాహ్నం ఆ హోటల్ నుంచి నడిచి డీలీ ప్లాజాకు వెళ్ళాను, దగ్గరే. 1963 నవంబరు 22న కెనడీ మీద కాల్పులు జరిగిన చోటు. తుపాకీ పేలిందన్న భవనం అప్పట్లో బడిపుస్తకాల గోదాము. ఆ ఆరో అంతస్తు 1989 నుంచి మ్యూజియం. రోడ్డు మీద తెల్లరంగుతో ఇంటూ గుర్తు. కార్లు ఆగినప్పుడల్లా జనం గబగబా దాని మీదికెళ్ళి ఫోటోలు దిగుతున్నారు. ముద్దాయి ఆస్వాల్డ్‌ను రెండు రోజులకే పోలీసుల మధ్యన జాక్ రూబీ కాల్చేశాడు కాబట్టి విచారణ లేకుండా పోయింది. 1964లో వారెన్ కమిషన్ ఒక్కడి పనే అంది. 1979లో అమెరికా కాంగ్రెస్ కమిటీ కుట్ర ఉండే ఉంటుందంది. ఇటు చూస్తే చివరి అధ్యాయం లేని హత్య, అటు హోటల్లో చివరి అధ్యాయాలు రాసుకుని బతికేవాళ్ళు. ఆ సభను ఆ చోట పెట్టాలని ఎవరికి తోచిందో గానీ, ఏ గోష్ఠీ చెప్పనిది ఆ రోడ్డు చెప్పింది.

అక్కడి బెంచీ మీద కూర్చుంటే, పొద్దున పాలు పోసి వచ్చానేమో, పాము కథ గుర్తొచ్చింది. భారతంలో అసలు సిసలైన డిటెక్టివ్ కథంటే అదే. ఆనుశాసనిక పర్వం మొదట్లో, అంపశయ్య మీదున్న భీష్ముణ్ణి చూసి, ఈ బాణాలన్నీ నావల్లేనని ధర్మరాజు కుమిలిపోతుంటే భీష్ముడు చెప్పిన కథ. గౌతమి అనే ముసలావిడ కొడుకు పాము కరిచి చచ్చిపోతాడు. అర్జునకుడనే బోయ ఆ పామును నరంతో కట్టి పట్టుకొచ్చి, ఎలా చంపమంటావు, మంటలో వెయ్యనా, ముక్కలు కొయ్యనా అంటాడు. దాన్ని చంపితే నా బిడ్డ బతికొస్తాడా, వదిలెయ్యమంటుంది గౌతమి. బోయవాడు వదలడు. వాడే ఆ కథలో పరిశోధకుడు. పామును నిలదీస్తాడు. నేను స్వతంత్రంగా చేసింది కాదు, మృత్యువు పంపితే వచ్చానంటుంది పాము. పంపినవాళ్ళదెంతో మోసుకొచ్చిన నీదీ అంత తప్పే అంటాడు బోయ. ఈ వాదన జరుగుతుండగా మృత్యువు స్వయంగా వచ్చి, నన్ను కాలుడు పంపాడంటాడు. కాలుడొస్తాడు. మా ఎవరిదీ కాదు, ఆ పిల్లవాడు చేసుకున్న కర్మే వాణ్ణి చంపిందని తీర్పు చెప్తాడు.

మిస్టరీ రాసేవాళ్ళ లెక్కన ఇది అద్భుతమైన మలుపు. అనుమానితులంతా ఒక్కొక్కరే బయటపడిపోయి, చివరికి చచ్చిపోయినవాడే ముద్దాయి అయ్యాడు. నాకు మాత్రం ఆ కథ చదివినప్పుడల్లా వెన్నులో చలి పుడుతుంది. ఎందుకంటే ఆ తీర్పు నేను కోర్టులో విన్నాను, కాలుడి నోటి నుంచి కాదు.

వరకట్న మరణం కేసు. పెళ్ళయిన ఏడేళ్ళలోపు ఆడపిల్ల అసహజంగా పోతే, దానికి ముందు కట్నం కోసం వేధించారని రుజువైతే, చావుకు కారణం భర్తా అత్తింటివారేనని న్యాయస్థానం అనుకుని తీరాలని 1986లో చట్టం వచ్చింది. శవ పంచాయతీ కూడా పోలీసులు కాక తహసీల్దారు చెయ్యాలి. ఆ చట్టం వెనకున్నది మామూలు లోకానుభవం: నాలుగు గోడల మధ్య జరిగినదానికి సాక్షులుండరు, ఉన్నా అడ్డం తిరుగుతారు. ఈ కేసులో పంచాయతీదార్లందరూ కిరసనాయిలు స్టవ్ పేలిందని రాసి సంతకాలు పెట్టారు. పోయిన పిల్ల తల్లి బోనెక్కింది. ముద్దాయి తరపు వకీలు అడిగాడు: "శవ పంచాయతీలో మీరు, మా పిల్ల ఖర్మ అలా కాలింది, ఎవర్ననీ ఏం లాభం అన్నారా లేదా?" ఆమె, "అన్నాను. నా బిడ్డ, నేనన్నాను. తమరనకండి" అంది.

జడ్జిగారు నాకు డిక్టేట్ చేశారు: శవ పంచాయతీ సమయంలో నేను అలా అన్నమాట వాస్తవమే. అంతే. ప్రశ్నలూ జవాబులూ కలిపి సాక్షి మాటగా ఒక్క వాక్యంలోకి దించడం కోర్టు పద్ధతి. ఆమె చెప్పిన దానిలో రెండో సగానికి సాక్ష్యంగా విలువ లేదు కాబట్టి కాగితం మీదికి రాలేదు. కేసు కొట్టేశారు.

గౌతమి కథను ఆ తల్లి నాకు విప్పి చెప్పినట్టయింది. గౌతమి పామును వదిలెయ్యమన్నది కాలుడు రాకముందే. తత్వం విని క్షమించలేదు, క్షమించిన తర్వాత తత్వం వచ్చింది. చివర్లో ఆమె ఇంకో మాట కూడా అంటుంది: నా బిడ్డ వాడి కర్మవల్ల పోయాడు, బిడ్డను పోగొట్టుకునే కర్మ నేనూ చేసుకునుంటాను అని. తనను కూడా అందులో కలుపుకుంది. కోల్పోయిన మనిషి తన శోకాన్ని తాను దిగమింగుకోవడానికి ఆ మాట అనుకోవచ్చు. అది ఆ మనిషి హక్కు. అదే మాటను పంచాయతీదార్లు అంటే అది తత్వం కాదు, సాక్ష్యం మాపడం. వకీలు అంటే వాదన. కాలుడే వచ్చి అన్నా, కాలుడు ఆ కేసులో ముద్దాయిల్లో ఒకడని మనం మర్చిపోకూడదు. మృత్యువు, కాలుడు, పాము ముగ్గురూ తమ పేరు కొట్టేయించుకోవడానికే నోరు విప్పారు. ఆ తీర్పులో ముద్దాయిలంతా బతికున్నవాళ్ళు, నేరం మోపినది మాత్రం జవాబు చెప్పుకోలేనివాడి మీద.

నాక్స్ ఫాదర్ దేవుణ్ణి కథలోకి ఎందుకు రానివ్వలేదో నాకు ఆ బెంచీ మీద కొంత అర్థమైంది. రానిస్తే ఆయన అందర్నీ విడిపించేస్తాడు. ప్రతి చావుకూ వెనక ఒక కారణం, దాని వెనక ఇంకో కారణం, సృష్టి మొదటిదాకా వెళ్ళవచ్చు. అలా వెళ్ళినకొద్దీ కత్తి పట్టుకున్న చెయ్యి చిన్నదైపోతుంది. డిటెక్టివ్ చేసే పని ఆ గొలుసును ఒకచోట పట్టుకుని, నువ్వు, అని వేలు చూపించడం. కౌటిల్యుడు కూడా అదే చేశాడు. అర్థశాస్త్రం నాలుగో అధికరణంలో హఠాత్తుగా పోయినవాడి శవానికి నూనె పూసి పరీక్షించమని చెప్పి, గొంతు నులిమితే ఏ గుర్తులుంటాయో, నీళ్ళలో ముంచితే ఏముంటాయో, విషానికేముంటాయో వరసగా రాశాడు. ఆయనకు పునర్జన్మలు తెలియక కాదు. శవం ముందు నిలబడ్డప్పుడు వాటి ప్రసక్తి తేకూడదని తెలుసు.

అలాగని ఆ హోటల్లో వాళ్ళు చెప్పినదంతా నేను ఒప్పుకోను. డబ్ల్యూ.హెచ్. ఆడెన్ అనే కవి డిటెక్టివ్ నవలలకు బానిస. తన బానిసత్వం గురించే 1948లో వ్యాసం రాశాడు. ఆయన అన్నదాని సారం ఏమిటంటే, చివరి పేజీలో ఒకడు దొరగ్గానే మిగిలినవాళ్ళందరితో పాటు పాఠకుడు కూడా తాను నిర్దోషినని ఊపిరి పీల్చుకుంటాడు, ఆ సుఖం కోసమే చదువుతాడు. నిజమే. ఒక్కడి మీద వేలు పెట్టగానే ఊరంతా కడిగిన ముత్యమవుతుంది. ఆ వరకట్నం కేసులో భర్తకు శిక్షే పడిందనుకుందాం. కట్నం పుచ్చుకున్నప్పుడు పందిట్లో భోంచేసిన మూడొందలమంది మాటేమిటి? పిల్ల రెండుసార్లు పుట్టింటికొస్తే సర్దుకుపొమ్మని తిరిగి దిగబెట్టొచ్చిన మేనమామ మాటేమిటి? ఇక్కడ బోయవాడి కన్నా పామే తెలివిగా మాట్లాడింది. ఒక్క కారణంతో ఏ పనీ జరగదు, అందరం కలిస్తేనే జరిగిందని అంటుంది ఆ పాము. మాట సరైనదే, కానీ అది చెప్తున్నది ఎవరు, ఎందుకోసం? బోయవాడు దానికి సమాధానంగా, అయితే అందరూ దోషులే అంటాడు. వాణ్ణి భారతం మూర్ఖుడిగా చూపిస్తుంది. ఎన్నిసార్లు చదివినా నేను వాడి పక్షమే.

ఇంకొక సంగతి. ఆ కథ విన్న ధర్మరాజుకు అప్పటికి మనసు తేలికపడిందట. కానీ భీష్ముడు ప్రాణం విడిచాక గంగ ఒడ్డున మళ్ళీ కూలబడి ఏడ్చాడు. అంత పెద్ద శాంతిపర్వం, ఆనుశాసనికం విన్న తర్వాత కూడా. నావల్లే అన్న మాటను అతని చేత ఎవరూ మాన్పించలేకపోయారు. వ్యాసుడు దాన్ని అజ్ఞానమన్నాడో, ధర్మమన్నాడో పండితులు తేల్చుకోవాలి. టైపు మెషీను ముందు కూర్చుని "నాకు తెలియదు", "నేను చూడలేదు" అని ఏళ్ళ తరబడి కొట్టినదానికి, నావల్లే అని ఒక్కడైనా అనడం ఎంత అపురూపమో తెలుసు.

చివరిరోజు పుస్తకాల గదిలో సంతకాల కోసం చాంతాడంత క్యూ. ఆ నర్సమ్మ నా ముందు నిలబడింది. డెబొరా క్రాంబీ నవల చేతిలో పట్టుకుని, టెక్సాస్‌లో కూర్చుని లండన్ పోలీసుల గురించి ఎలా రాస్తుందోనని ముచ్చటపడుతోంది. మొన్న మీ ప్రశ్నకు సరిగా జవాబు చెప్పలేదు, ఒక కథ చెప్తాను, వింటారా అన్నాను. క్యూ ఎలాగూ కదలడం లేదు.

మాండవ్యుడి కథ చెప్పాను. ఆదిపర్వంలోది. మౌనవ్రతంలో ఉన్న ముని. దొంగలు సొమ్ముతో సహా ఆయన ఆశ్రమంలో దాక్కుంటారు. రాజభటులొచ్చి అడిగితే వ్రతం చెడుతుందని ఆయన పలకడు. దొంగలతో పాటు ఆయన్నీ కొరత వేస్తారు. తపోబలంవల్ల చావడు. రాజు తప్పు తెలుసుకుని దింపించినా, ఒంట్లో దిగిన కొయ్య ఊడిరాదు. బయటి భాగం కోసేసి, లోపలి ముక్కతోనే ఆయన లోకమంతా తిరుగుతాడు. చివరికి యముడి దగ్గరికెళ్ళి, నేనేం చేశానని నాకీ శిక్ష అని అడుగుతాడు. చిన్నప్పుడు పురుగుల్ని పుల్లతో గుచ్చావు, దాని ఫలం అంటాడు యముడు. తెలిసీ తెలియని వయసులో చేసినదానికి ఇంత శిక్షా అని ముని మండిపడి, ఇకనుంచి పధ్నాలుగేళ్ళలోపు చేసింది పాపం కాదని హద్దు పెట్టి, మనిషిగా పుట్టమని యముణ్ణే శపిస్తాడు.

"అంటే ఆయన మీ కర్మ మీద అప్పీలు చేశాడు" అందావిడ.

"చేసి గెలిచాడు" అన్నాను. "కొయ్య ముక్క మాత్రం ఒంట్లోనే ఉంది."

ఆవిడ కాసేపాలోచించి, "మరి దొంగలు?" అంది.

"వాళ్ళు మొదటిరోజే దొరికారు. కథలో వాళ్ళ ఊసు ఇంకెవరూ ఎత్తరు."

సంచిలోంచి పెన్ను తీసి, ముని పేరు ఒక్కో అక్షరం చెప్పించుకుని నవల వెనక అట్ట లోపల రాసుకుంది. యముడు విదురుడై ఎక్కడ పుట్టాడో చెప్పబోతుండగా క్యూ కదిలింది.